పాత జీపీఏ ఫార్మాట్ కాపీ కొట్టకండి: హైదరాబాద్‌లో ఇప్పుడు పవర్ ఆఫ్ అటార్నీ ఎలా ఇవ్వాలి

హైదరాబాద్‌లో ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గరకైనా వెళ్ళి చూడండి, పక్కనే ఉన్న జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో జీపీఏ అని ఒక ఫైలు ఉంటుంది. జీపీఏ అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, మన బదులు ఇంకొకరు మన పనులు చేసేలా అధికారం రాసిచ్చే కాగితం. ఎన్నో ఏళ్ళ నుంచి అదే ఫైలు, పేర్లు మార్చడం ప్రింట్ తీయడం, అంతే. అందులో ఇంకా ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అనే ఉంటుంది, ఉప్పల్ ఇంకా రంగారెడ్డి జిల్లాలోనే ఉంటుంది, చివర్లో సంబంధం లేని ముప్పై పవర్లు ఉంటాయి, మీ ఫ్లాట్ అద్దెకివ్వడానికి ఇస్తున్న కాగితంలో గనుల లీజు పవర్ కూడా ఉంటుంది. ఇంకో బ్యాచ్ అమెరికాలో ఉన్న పిల్లలు, వాళ్ళు అక్కడి రాష్ట్రం వెబ్‌సైట్‌లో దొరికిన ఫామ్ డౌన్‌లోడ్ చేసి టిక్కులు పెట్టి పంపేస్తారు. రెండూ ఇక్కడ కౌంటర్ దగ్గరకొచ్చాక ఇబ్బంది పెడతాయి. అందుకే మొదటి నుంచి ఎలా చేయాలో వరసగా రాస్తున్నా, మీకు అవసరం లేని స్టెప్పు వదిలేసి ముందుకెళ్ళండి.

స్టెప్ 1. అసలు ఏం పని కోసం ఇస్తున్నారో ఒక్క లైన్లో రాసుకోండి

ఒక్క లైన్ చాలు. "కొంపల్లి ఫ్లాట్ అమ్మాలి", "నాన్న పేరున ఉన్న ఇంటి అద్దెలు వసూలు చేయాలి, ప్రాపర్టీ టాక్స్ కట్టాలి", "రిజిస్ట్రేషన్ రోజు నా బదులు తమ్ముడు వెళ్ళాలి", ఇలా. ఆ లైన్ ఒక్క పని గురించే అయితే స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలు, అంటే ఎస్పీఏ. చాలా రోజులపాటు రకరకాల పనులు ఉంటేనే జీపీఏ. మనవాళ్ళకి జీపీఏ అంటేనే ఏదో గట్టి కాగితం అని ఒక నమ్మకం, నన్నడిగితే నూటికి తొంభై ఇళ్ళల్లో ఎస్పీఏతో అయిపోయే పనికి జీపీఏ రాసిచ్చి తర్వాత నిద్ర పాడుచేసుకుంటారు.

ఇక బిల్డర్‌కి డెవలప్‌మెంట్‌కి ఇచ్చేది, కొనేవాడికి అగ్రిమెంట్‌తో కలిపి ఇచ్చే ఏజీపీఏ, ఇవి వేరే కథ, వాటి స్టాంప్ డ్యూటీ లెక్క వేరే, వాటికి లాయర్ లేకుండా ముందుకెళ్ళొద్దు. ఇక్కడ నేను చెప్పేది ఇంట్లోవాళ్ళకో నమ్మకమైన మనిషికో ఇచ్చే పవర్ గురించే.

ఒక్క మాట మాత్రం ఇక్కడే చెప్పాలి. జీపీఏ మీద ప్రాపర్టీ "కొనడం" అనేది లేదు. 2011 అక్టోబర్‌లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, జీపీఏ, అగ్రిమెంట్, వీలునామా ఈ మూడూ కలిపి చేతికిచ్చినా ఓనర్‌షిప్ మారదు, రిజిస్టర్ అయిన సేల్ డీడ్ ఉంటేనే మారుతుంది అని. అదే తీర్పులో భార్యకో కొడుక్కో అన్నదమ్ములకో పని చూసుకోమని ఇచ్చే మామూలు జీపీఏకి ఏ ఇబ్బందీ లేదని కూడా చెప్పింది. కాబట్టి "జీపీఏ ఉంది, రేటు తక్కువ, తీసేస్కోండి సార్" అని ఎవరైనా అంటే అక్కడ మీరు కొంటున్నది స్థలం కాదు.

స్టెప్ 2. ఎవరికి ఇవ్వాలి

చట్టం ప్రకారం మేజర్ అయి మతిస్థిమితం ఉన్న ఎవరికైనా ఇవ్వొచ్చు. కానీ తెలంగాణలో స్టాంప్ డ్యూటీ విషయంలో కుటుంబసభ్యులకి ఇచ్చేదానికీ బయటివాళ్ళకి ఇచ్చేదానికీ తేడా ఉంది, అమ్మే పవర్ ఉన్న జీపీఏ బయటి మనిషికి ఇస్తే ప్రాపర్టీ మార్కెట్ విలువని బట్టి డ్యూటీ పడుతుంది. ఇక్కడ చిక్కేంటంటే బావమరిది, పెదనాన్న కొడుకు మనకి ఇంట్లోవాళ్ళే, రూలు రాసినవాళ్ళ లెక్కలో వాళ్ళు రాకపోవచ్చు. కాబట్టి పేరు ఫిక్స్ అయ్యే ముందే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మీ చుట్టరికం చెప్పి డ్యూటీ ఎంత పడుతుందో అడగండి, డ్రాఫ్ట్ అంతా అయ్యాక అడిగితే లాభం లేదు.

ఇద్దరికి ఇస్తుంటే "ఇద్దరూ కలిసి సంతకం పెట్టాలా, ఏ ఒక్కరు పెట్టినా సరిపోతుందా" అనేది కచ్చితంగా రాయించండి. అన్నకీ చెల్లెలికీ కలిపి ఇచ్చి ఈ లైన్ రాయకుండా వదిలేస్తే పడని రోజున పని ఆగిపోతుంది.

స్టెప్ 3. డ్రాఫ్ట్, అసలు పని ఇక్కడే

పవర్ ఆఫ్ అటార్నీ కాగితాన్ని కోర్టులు, రిజిస్ట్రార్లు అక్షరం పట్టుకుని చదువుతారు. రాసిన పవరే ఉన్నట్టు, రాయనిది లేనట్టు. "నా ఆస్తి వ్యవహారాలన్నీ చూసుకోవడానికి" అని రాస్తే అమ్మే పవర్ వచ్చినట్టు కాదు. అమ్మాలంటే అమ్మడానికి అని, గిఫ్ట్ ఇవ్వాలంటే గిఫ్ట్ అని, తాకట్టు పెట్టాలంటే తాకట్టు అని విడిగా ఉండాలి. అలాగే మీరు ఇవ్వకూడదనుకున్నది కూడా రాయించండి, చాలామంది ఇది చేయరు. ఉదాహరణకి ఫ్లాట్ అమ్మడానికి ఇచ్చే ఎస్పీఏలో ఇలాంటి పేరా ఉంటే బాగుంటుంది:

"కింది షెడ్యూల్‌లో చెప్పిన ఫ్లాట్‌ను నేను లిఖితపూర్వకంగా ఒప్పుకున్న ధరకు తగ్గకుండా అమ్ముటకు, సేల్ డీడ్‌పై నా తరఫున సంతకం చేయుటకు, సబ్ రిజిస్ట్రార్ ఎదుట హాజరై రిజిస్ట్రేషన్ చేయించుటకు నా తమ్మునికి అధికారం ఇస్తున్నాను. అమ్మకపు సొమ్ము నా ఎన్‌ఆర్‌ఓ ఖాతాకే జమ కావలెను. ఈ ఫ్లాట్‌ను తాకట్టు పెట్టుటకు, గిఫ్ట్ ఇచ్చుటకు, ఈ అధికారాన్ని వేరొకరికి బదలాయించుటకు అతనికి అధికారము లేదు."

చూడండి, మూడు వాక్యాలే. ధర, డబ్బు ఎక్కడికి వెళ్ళాలి, ఏం చేయకూడదు అన్నీ వచ్చేశాయి. కొనేవాడు కూడా ఇది చదివి చెక్కు ఎవరి పేరున రాయాలో తెలుసుకుంటాడు. ఎన్‌ఆర్‌ఐ అయితే ఆ ఎన్‌ఆర్‌ఓ ఖాతా (ఇండియాలో వచ్చే డబ్బు వేసుకోవడానికి ఎన్‌ఆర్‌ఐలకి ఉండే ఖాతా) నంబరు కూడా వేయించండి.

తర్వాత షెడ్యూల్, అంటే ఆస్తి వివరాలు రాసే భాగం. పాత ఫార్మాట్ కొంప ముంచేది ఎక్కువగా ఇక్కడే. 2016 అక్టోబర్ 11న జిల్లాలు మారాయి, ఉప్పల్, కూకట్‌పల్లి, మల్కాజిగిరి ఇవన్నీ మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలోకి వెళ్ళాయి. మీ సేల్ డీడ్ 2009ది అయితే అందులో రంగారెడ్డి జిల్లా, ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది, దాన్ని మక్కీకి మక్కీ దింపితే ఇవాళ్టి రికార్డుతో కలవదు, అలాగని పాతది పూర్తిగా తీసేస్తే సేల్ డీడ్‌తో లింక్ కనబడదు. అందుకే "పూర్వపు రంగారెడ్డి జిల్లా, ప్రస్తుత మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా" అని రెండూ రాయించండి. సేల్ డీడ్ డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, ఏ ఎస్‌ఆర్‌ఓ (సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు), సర్వే నంబరు, ప్లాట్ లేదా ఫ్లాట్ నంబరు, ఇంటి నంబరు, చదరపు గజాలు, అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో ఫ్లాట్‌కి వచ్చే వాటా), నాలుగు హద్దులు, జీహెచ్‌ఎంసీ అయితే ప్రాపర్టీ టాక్స్‌కి ఇచ్చే పీటీఐఎన్ నంబరు, ఇవన్నీ సేల్ డీడ్ పక్కన పెట్టుకుని వేలుపెట్టి చదువుతూ సరిచూడండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో చూసి టైప్ చేయించొద్దు, ఫొటోలో 3 అనేది 8 లాగ కనబడుతుంది.

పేరు సంగతి ఇంకోటి. సేల్ డీడ్‌లో "కె. వెంకట రమణ", పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా విడిపోయి ఎక్కడో చివర్న, ఆధార్‌లో ఇంకోలాగ. మూడూ ఒకే మనిషివని తెలిసేలా అలియాస్ పెట్టి అన్ని రకాలుగా రాయండి, పాస్‌పోర్ట్ నంబరు కూడా పెట్టండి. పెళ్ళయ్యాక పేరు మారిన ఆడవాళ్ళు అయితే ఇది అస్సలు మర్చిపోవద్దు.

పాత డ్రాఫ్టుల్లో ఇండియన్ ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 85 అని ఒక లైన్ కనిపిస్తే తీసేయించండి. 2024 జూలై 1 నుంచి ఆ చట్టం బదులు భారతీయ సాక్ష్య అధినియమ్ వచ్చింది, అందులో అదే విషయం సెక్షన్ 84లో ఉంది. విషయం ఏంటంటే నోటరీ, కోర్టు, మేజిస్ట్రేట్ లేదా ఇండియన్ కాన్సులేట్ ఎదురుగా సంతకం పెట్టి వాళ్ళు ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీని కోర్టు నిజమైనదిగానే మొదట అనుకుంటుంది. ఆ లైన్ తప్పుంటే కాగితం చెల్లదని కాదు, కానీ పాత సెక్షన్ కనబడితే మిగతా కాగితం కూడా పాతదే అయి ఉంటుంది, ఇంకోసారి చదవండి.

"ఇర్రివోకబుల్" అనే పదం గురించి రెండు ముక్కలు. టైటిల్‌లో ఆ పదం పెట్టేస్తే రద్దు కాదని చాలామంది అనుకుంటారు. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది, పేరు ఏం పెట్టారన్నది కాదు, పవర్ తీసుకున్న మనిషికి ఆ ఆస్తిలో నిజంగా హక్కు లాంటిది ఏమైనా ఉందా అన్నదే చూస్తామని. అది లేకపోతే ఇచ్చిన మనిషి చనిపోయిన రోజే ఆ పవర్ పోతుంది.

స్టెప్ 4. సంతకం ఎక్కడ పెట్టాలి

మీరు ఇండియాలోనే ఉంటే, వేరేవాళ్ళు మీ తరఫున రిజిస్ట్రేషన్‌కి డాక్యుమెంట్ సమర్పించాలంటే నోటరీ పవర్ చాలదు. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 33 ప్రకారం మీరు ఉండే చోటు ఏ రిజిస్ట్రార్ లేదా సబ్ రిజిస్ట్రార్ పరిధిలోకి వస్తుందో ఆయన ముందే సంతకం పెట్టి ధ్రువీకరణ చేయించుకోవాలి. గమనించండి, ప్రాపర్టీ ఉండే చోటు కాదు, మీరు ఉండే చోటు. అద్దె అగ్రిమెంట్లు, కరెంట్ ఆఫీసు, సొసైటీ మీటింగ్ లాంటి వాటికి నోటరీ కాగితంతో పని నడుస్తుంది, అమ్మకం ఉంటే మాత్రం రిజిస్టర్ చేయించుకోండి, దానికి మధ్యేమార్గం వెతకొద్దు.

స్లాట్ బుక్ చేసుకుని వెళ్ళండి. ఇచ్చేవాళ్ళు, తీసుకునేవాళ్ళు, ఇద్దరు సాక్షులు, అందరి ఒరిజినల్ ఆధార్, ఫొటోలు. వేలిముద్రలు తీసుకుంటారు, పెద్దవాళ్ళకి వేళ్ళు అరిగిపోయి మెషిన్ తీసుకోకపోతే కంగారు పడకండి, ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ దగ్గర పెట్టుకుని వెళ్తే మంచిది. నాన్నగారు మంచం మీద ఉండి కదల్లేకపోతే డాక్టర్ సర్టిఫికెట్ పెట్టి అప్లికేషన్ ఇవ్వండి, సబ్ రిజిస్ట్రార్ ఇంటికి గానీ ఆస్పత్రికి గానీ వచ్చి తీసుకునే వీలు చట్టంలోనే ఉంది, దానికి ఫీజు విడిగా ఉంటుంది. బ్రోకర్ "మేనేజ్ చేస్తా" అంటే వినొద్దు.

కానీ నాన్నగారికి విషయం అర్థమయ్యే స్థితిలో ఉండాలి. ఇది చాలా ఇళ్ళల్లో ఆలస్యంగా తెలుస్తుంది. అమెరికాలో "డ్యూరబుల్" పవర్ ఆఫ్ అటార్నీ అని ఉంటుంది, మనిషికి మతి తప్పినా అది నడుస్తుంది. మన కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 201 ప్రకారం ఇక్కడ అలా కాదు, ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే పవర్ ఆగిపోతుంది. మతిమరుపు మొదలయ్యాక "ముందే జీపీఏ రాయించుకున్నాం కదా" అని దాంతో ఇల్లు అమ్మబోతే రేపు చెల్లెలో తమ్ముడో కోర్టుకి వెళ్తే నిలబడదు, అప్పుడు గార్డియన్‌గా కోర్టు ఆర్డర్ తెచ్చుకోవడమే దారి. అందుకే ఆ డౌన్‌లోడ్ చేసిన అమెరికా ఫామ్‌లో డ్యూరబుల్ అనే పెట్టెలో టిక్కు పెడితే ఇక్కడ దాని బలం ఏమీ పెరగదు, పైగా దాంట్లో మన ప్రాపర్టీ షెడ్యూల్ రాసే చోటే ఉండదు.

మీరు విదేశంలో ఉంటే దేశాన్ని బట్టి దారి మారుతుంది, ఈ మధ్య మారింది కూడా ఇదే. అపోస్టిల్ అంటే ఒక దేశం కాగితాన్ని ఇంకో దేశం ఒప్పుకునేలా వేసే ప్రభుత్వ ముద్ర, ఇండియా 2005 జూలై నుంచి ఆ ఒప్పందంలో ఉంది. అవతలి దేశం కూడా అందులో ఉంటే అక్కడి నోటరీ ముందు సంతకం పెట్టి, ఆ దేశ ప్రభుత్వం దగ్గర అపోస్టిల్ ముద్ర వేయించుకోవచ్చు. అమెరికాలో అయితే నోటరీ ఏ రాష్ట్రం వాడో ఆ రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు ఇస్తుంది, టెక్సస్ నోటరీ కాగితం కాలిఫోర్నియాకి పంపితే తిరిగొస్తుంది. సౌదీ 2022 డిసెంబర్‌లో, కెనడా 2024 జనవరి 11 నుంచి ఈ ఒప్పందంలోకి వచ్చాయి, కాబట్టి "కెనడా నుంచి అయితే కాన్సులేట్ తప్ప దారి లేదు" అనే పాత సలహా ఇప్పుడు పనికిరాదు. దుబాయ్, కతర్, కువైట్‌లో ఉన్నవాళ్ళకి మాత్రం ఇండియన్ ఎంబసీ లేదా కాన్సులేటే. ఒమన్, బహ్రెయిన్‌లో రెండు దారులూ ఉన్నాయి.

ఏ దేశమైనా నా మొగ్గు మాత్రం కాన్సులేట్ అటెస్టేషన్ వైపే, అపాయింట్‌మెంట్ దొరికితే. చట్టప్రకారం నోటరీ అయినా చెల్లుతుంది, అపోస్టిల్ ఉంటే ఇంకా గట్టి, కానీ ఇక్కడ కౌంటర్‌లో కూర్చున్న మనిషికీ కొనేవాడి బ్యాంకు లాయర్‌కీ సింహాల ముద్ర కనిపిస్తే ప్రశ్నలు తగ్గుతాయి, ఉన్న మాట అది. ముందు ఇక్కడి ఆఫీసులో అడిగి తర్వాతే అక్కడ డబ్బు కట్టండి.

రెండు జాగ్రత్తలు. కాన్సులేట్‌కి వెళ్ళేముందు ఇంట్లోనే సంతకం పెట్టేసి వెళ్ళొద్దు, ఆఫీసర్ ఎదురుగానే పెట్టాలి, ప్రతి పేజీ కింద. వీడియోలో చేసే ఆన్‌లైన్ నోటరీ అక్కడ ఎంత చెల్లినా ఇక్కడి రిజిస్ట్రేషన్ పనికి పెట్టుకోకండి, మన సెక్షన్ 33 అడిగేది నోటరీ "ఎదుట" సంతకం.

స్టెప్ 5. కాగితం హైదరాబాద్ చేరాక

కొరియర్ రాగానే కవర్ చించి పారేయకండి. ఆ కవర్ మీద ఉన్న తేదీ మీకు రుజువు. బయట దేశంలో రాసిన డాక్యుమెంట్ ఇండియాకి వచ్చిన మూడు నెలల్లోపు స్టాంప్ చేయించాలని స్టాంప్ చట్టం సెక్షన్ 18 చెబుతుంది, ఆ మూడు నెలలు సంతకం పెట్టిన రోజు నుంచి కాదు, ఇక్కడికి చేరిన రోజు నుంచి. దీన్ని మనదగ్గర వాలిడేషన్ అంటారు, జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో చేస్తారు. ఒరిజినల్, రెండు జిరాక్సులు, ఇచ్చినవాళ్ళ పాస్‌పోర్ట్ వీసా కాపీలు, తీసుకున్నవాళ్ళ ఆధార్ ఫొటోలు, సేల్ డీడ్ కాపీ, ఆ కొరియర్ కవర్, ఒక అప్లికేషన్. ఏ జిల్లా రిజిస్ట్రార్ అన్నది ముందే కనుక్కోండి, హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్ పక్కపక్కనే ఉన్నా ఆఫీసులు వేరు. వాలిడేషన్ ముద్ర లేకుండా సేల్ రోజు సబ్ రిజిస్ట్రార్ దగ్గర ఒరిజినల్ తీస్తే ఆ రోజుకి పని అయిపోయినట్టే, కొనేవాళ్ళు లీవు పెట్టుకుని వచ్చి ఉంటారు పాపం.

శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు వ్యవసాయ భూమి అయితే అసలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి పోనక్కర్లేదు, 2020 నుంచి ఆ రిజిస్ట్రేషన్లు తహసీల్దార్ దగ్గర జరుగుతున్నాయి. భూమి రికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది, కాబట్టి డ్రాఫ్ట్‌లో "ధరణి పోర్టల్‌లో అప్లై చేయుటకు" అని మాత్రమే రాసి ఉంటే చాలదు, "భూభారతి లేదా ప్రభుత్వం తెచ్చే ఏ పోర్టల్‌లోనైనా" అని రాయించండి.

స్టెప్ 6. వాడేటప్పుడు

బ్యాంకులు మీ జీపీఏ చూసి తలూపి వాళ్ళ ఫార్మాట్ తీసి చేతిలో పెడతాయి, ఇది మామూలే, గొడవ పడొద్దు. హోమ్ లోన్ ఉంటే బ్యాంకు డ్రాఫ్ట్ ముందే తెప్పించుకుని అదే సంతకం చేసి పంపండి. ఎన్‌ఆర్‌ఈ ఖాతా (ఎన్‌ఆర్‌ఐలు విదేశీ సంపాదన ఇక్కడ వేసుకునే ఖాతా) మీద పవర్ ఉన్నవాళ్ళు ఇక్కడి ఖర్చులకి వాడొచ్చు, ఖాతాదారుకి పంపొచ్చు, అంతేగానీ ఆ డబ్బు ఎవరికీ గిఫ్ట్ ఇవ్వడం, వేరేవాళ్ళకి విదేశాలకి పంపడం కుదరదు.

అమ్మకం రోజు, పవర్ ఇచ్చిన మనిషి బతికే ఉన్నారని, పవర్ రద్దు కాలేదని డిక్లరేషన్ అడుగుతారు. కొనేవాళ్ళు తెలివైనవాళ్ళయితే ఓనర్‌తో వీడియో కాల్ కూడా అడుగుతారు, దానికి అవమానంగా ఫీలవకండి, రేపు మీరు కొనేటప్పుడు మీరూ అదే అడగాలి.

కోర్టు కేసుల్లో పవర్ ఉన్న మనిషి కేసు నడపొచ్చు, లాయర్‌ని పెట్టొచ్చు. కానీ ఓనర్‌కి మాత్రమే స్వయంగా తెలిసిన విషయాల మీద ఆయన బదులు సాక్ష్యం చెప్పడం కుదరదని 2004లోనే సుప్రీంకోర్టు చెప్పేసింది.

2025 మేలో కేంద్రం కొత్త రిజిస్ట్రేషన్ బిల్లు డ్రాఫ్ట్ బయటపెట్టింది, 1908 చట్టం బదులు. అందులో పవర్ ఆఫ్ అటార్నీకి కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేయాలనే ప్రతిపాదన ఉంది. ఇవాళ కొత్తగా రాయించుకునేవాళ్ళు రిజిస్టర్ చేయించుకోవడానికి ఇదొక్కటి చాలు కారణం.

స్టెప్ 7. రద్దు చేయాలంటే

నోటి మాటతో, వాట్సాప్ మెసేజ్‌తో ఆపేశాం అనుకోవద్దు. రద్దు పత్రం రాయించి, జీపీఏ రిజిస్టర్ అయిన ఆఫీసులోనే అది కూడా రిజిస్టర్ చేయించండి, పాత డాక్యుమెంట్ నంబరు అందులో ఉండాలి. తీసుకున్న మనిషికి అక్నాలెడ్జ్‌మెంట్ వచ్చేలా పోస్టులో నోటీసు పంపండి, ఎందుకంటే రద్దు సంగతి అతనికి తెలిసేదాకా అతని వరకు రద్దు కానట్టే, అవతలి కొనేవాళ్ళకి తెలిసేదాకా వాళ్ళ వరకు కానట్టే, చట్టం అలాగే ఉంది. అందుకే ఒక తెలుగు పేపర్లో, ఒక ఇంగ్లీష్ పేపర్లో హైదరాబాద్ ఎడిషన్‌లో చిన్న ప్రకటన ఇస్తారు, ఆ పేపర్ కటింగ్ దాచుకోండి. బ్యాంకు, అపార్ట్‌మెంట్ సొసైటీ, అద్దెకున్నవాళ్ళు వీళ్ళందరికీ కాపీ ఇవ్వండి. ఒరిజినల్ జీపీఏ వెనక్కి తీసుకోండి, ఇవ్వనంటే ఇవ్వలేదని నోటీసులోనే రాయండి. తర్వాత ఒక నెల ఆగి ఆ ప్రాపర్టీ మీద ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల జాబితా) తీసి చూసుకోండి.